నాలుగు జీబీ కార్డు వద్దు, ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ అంటే భయం వద్దు

ప్రశ్న: మాది పాలకొల్లు. నాన్నగారి ఫోటో స్టూడియోలో ఆల్బమ్ డిజైనింగ్, పెళ్లి వీడియోల ఎడిటింగ్ నేనే చూసుకుంటున్నాను. వాడేది ఫోటోషాప్, ప్రీమియర్ ప్రో. కెమెరా సోనీ ఏ7 ఫోర్. ఉన్న సిస్టమ్ పదేళ్ల నాటిది. 4కె వీడియో టైమ్‌లైన్ మీద పెడితే ఆగి ఆగి ఆడుతోంది. మానిటర్ ఉంది కాబట్టి సీపీయూ వరకు 45 వేలు పెట్టగలం. షాపులో రెండు కొటేషన్లు ఇచ్చారు. ఒకటి ఇంటెల్ ఐ5-12400ఎఫ్, 8 జీబీ ర్యామ్, జీటీ 730 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. రెండోది రైజెన్ 5 5600జీ, 16 జీబీ ర్యామ్, కార్డు లేదు. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ (ప్రాసెసర్ చిప్‌లోనే ఉండే గ్రాఫిక్స్) అయితే ఆల్బమ్‌లో కలర్లు సరిగా రావని, వీడియో పని అసలు జరగదని షాపతనూ, తోటి ఎడిటర్లూ అంటున్నారు. తమ్ముడు ఖాళీగా ఉన్నప్పుడు వాలరెంట్, జీటీఏ 5 ఆడతాడు. ఏది తీసుకోమంటారు?

సమాధానం: మొదటి కొటేషన్ మాత్రం తీసుకోవద్దు. రెండోది చాలా నయం. కానీ మీ పనికి ఆ రెండింటికంటే బాగా కుదిరేది ఇంకొకటుంది. షాపులో ఇలా అడగండి: ఐ5-12400, చివర ‘ఎఫ్’ లేనిది. దానికి డీడీఆర్4 ర్యామ్ వేసే హెచ్610 లేదా బీ660 బోర్డు, 8 జీబీ స్టిక్‌లు రెండు, ఫైళ్లు దాచుకోవడానికి మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపులో మీరు ఈ మాట అనగానే వాళ్లు వాదనకు దిగుతారు. మీ దగ్గర జవాబు ఉండాలి.

ముందు ఆ జీటీ 730 సంగతి. ఇది ఎన్‌విడియా చిప్‌తో 2014లో వచ్చిన కార్డు. ఇప్పటికీ కొత్త డబ్బాలో, కొత్త వారంటీతో అమ్ముతున్నారు కాబట్టి కొత్త కార్డే అనుకుంటాం. ఒకే పేరుతో లోపల వేరువేరు చిప్‌లున్న రకాలు మార్కెట్లోకి వచ్చాయి. కొన్నింటిలో కెప్లర్ తరం చిప్ ఉంటుంది, మరికొన్నింటిలో అంతకంటే పాతదైన ఫెర్మీ తరం చిప్. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మాత్రం 4 జీబీ అన్న అంకె ఒక్కటే. ఆ అంకె చూసే చాలామంది కొంటున్నారు, ఆ అంకె చూపించే అమ్ముతున్నారు.

కార్డు మీద మెమరీ ఎంతుందన్నది ట్యాంకు సైజు లాంటిది. చిప్‌కి ఆ మెమరీ నుంచి డేటా ఎంత వేగంగా అందుతుందన్నది పైపు సైజు. డీడీఆర్3 మెమరీ, 64 బిట్ బస్ (అంటే ఆ పైపు వెడల్పు) ఉన్న జీటీ 730లో ఆ వేగం సెకనుకు 14.4 జీబీ. 128 బిట్ రకమైనా 28.8 జీబీ దగ్గర ఆగుతుంది. అదే మీ కొత్త సిస్టమ్‌లో రెండు డీడీఆర్4-3200 ర్యామ్ స్టిక్‌లు వేశారనుకోండి, సెకనుకు 51.2 జీబీ వస్తుంది. దాన్ని ప్రాసెసరూ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్సూ పంచుకుంటాయి, నిజమే. పంచుకున్నా ఆ కార్డు కంటే నయం. పైగా జీటీ 730 చిప్‌కి 4 జీబీని నింపి వాడేంత సత్తా లేదు. మీరు డబ్బు పెట్టేది వాడుకలోకి రాని మెమరీకి.

దీనికంటే పెద్ద సమస్య డ్రైవర్లది. కెప్లర్ కార్డులకు మామూలు డ్రైవర్ అప్‌డేట్లను ఎన్‌విడియా 2021లోనే ఆపేసింది. ఆ తర్వాత వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2024తో అయిపోయాయి. ఫోటోషాప్ కొత్త వెర్షన్లకు డైరెక్ట్‌ఎక్స్ 12 (విండోస్‌లో ప్రోగ్రామ్‌లు గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకునే పద్ధతి)లో 12_0 ఫీచర్ లెవెల్, అంటే ఆ స్థాయి, ఉన్న గ్రాఫిక్స్ కావాలని ఫోటోషాప్ తయారుచేసే అడోబీ చెబుతోంది. జీటీ 730 ఆగింది 11_0 దగ్గర. అంటే ఫోటోషాప్ కోసమని కొన్న కార్డును ఫోటోషాపే పట్టించుకోదు. ఇక వీడియో విషయానికొస్తే, హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన వీడియో ఫైళ్లను విప్పే (డీకోడ్ చేసే) భాగమే ఈ కార్డులో లేదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. మీ పాత సిస్టమ్‌లో ఇప్పుడు జరుగుతున్నది కూడా అదే.

ఆ కొటేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. 12400ఎఫ్‌లో ‘ఎఫ్’ అంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ తీసేసిన చిప్ అని. మంచి కార్డు ఎలాగూ కొంటాం అనుకునేవాళ్లకు కొంచెం తక్కువ ధరకు ఇస్తారు. మీ కొటేషన్‌లో జరిగిందేమిటంటే, ప్రాసెసర్‌లో ఆ కాస్త మిగిల్చి, దానివల్ల స్క్రీన్ మీద బొమ్మ రాదు కాబట్టి, మిగిలినదానికంటే ఎక్కువ పెట్టి బలహీనమైన కార్డు కొనిపిస్తున్నారు. రేపు ఆ కార్డు పాడైతే మానిటర్ నల్లగా ఉండిపోతుంది. సీజన్‌లో, మూడు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు డెలివరీ ఇవ్వాల్సిన వారంలో అలా జరిగితే ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ మీద ఇంత భయం ఎక్కడినుంచి వచ్చిందంటే, దానికి కారణం లేకపోలేదు. పెంటియం 4, కోర్ 2 డ్యుయో రోజుల్లో గ్రాఫిక్స్ మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. జీ31, జీ41 బోర్డులు చాలా స్టూడియోల్లో నడిచాయి. వాటి మీద పెద్ద పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైల్ జూమ్ చేస్తే ఎలా ఉండేదో ఆ తరం డిజైనర్లకు బాగా గుర్తు. 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌తో గ్రాఫిక్స్ ప్రాసెసర్ చిప్‌లోకే వచ్చేసింది. అదే ఏడాది రైజెన్ తయారుచేసే ఏఎండీ కూడా తన ఏపీయూలను, అంటే గ్రాఫిక్స్ కలిసిన ప్రాసెసర్లను, తెచ్చింది. చిప్‌లు మారిపోయాయి గానీ ఆ భయం పోలేదు.

కలర్ల మాట తేల్చేద్దాం. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ వల్ల ఆల్బమ్ రంగులు చెడిపోతాయన్నది నిజం కాదు. ఒకే ఫైల్‌కు ఫోటోషాప్ మానిటర్‌కు పంపే రంగు విలువలు ఏ గ్రాఫిక్స్ ఉన్నా ఒకటే. స్క్రీన్ మీద పెళ్లికూతురి ముఖానికి పసుపు ఎక్కువగా కనిపించడం, ల్యాబ్ నుంచి వచ్చిన షీట్‌లో ఎర్రంచు పట్టుచీర నారింజలోకి తిరగడం, ఇవన్నీ మానిటర్ ప్యానెల్, దాని కాలిబ్రేషన్ (రంగులు సరిచేసుకోవడం), ల్యాబ్ ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల ప్రింటర్ రంగుల వివరం ఉన్న ఫైల్), ఎగుమతి చేసేటప్పుడు ఎంచుకున్న కలర్ స్పేస్, వీటి మీద ఆధారపడతాయి. ఒక్కటి మాత్రం చూసుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపినప్పుడు కొన్ని మానిటర్లకు కంప్యూటర్ ‘లిమిటెడ్ రేంజ్’లో సిగ్నల్ పంపుతుంది. అప్పుడు నలుపు బూడిదలా, మొత్తం బొమ్మ పాలిపోయినట్టు కనిపిస్తుంది. కలర్లు రావట్లేదని జనం అనేది చాలాసార్లు దీన్ని చూసే. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో దాన్ని ‘ఫుల్ రేంజ్’కు మారిస్తే సరిపోతుంది. ఖరీదైన కార్డు పెట్టినా ఇదే తేడా రావచ్చు, అక్కడా ఇదే మందు. కార్డు కోసం దాచిన డబ్బులో కొంత ఎప్పుడైనా మానిటర్ కాలిబ్రేటర్ మీద పెడితే, మీ ఆల్బమ్‌లకు దానివల్ల కలిగే మేలు కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు వీడియో. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది కెమెరా పేరు. ఏ7 ఫోర్‌లో ఫైల్ ఫార్మాట్ మెనూ తెరిచి చూడండి. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అని ఉంటే అది హెచ్.265. ఎక్స్‌ఏవీసీ ఎస్ అని ఉంటే హెచ్.264. దాని కింద రికార్డ్ సెట్టింగ్‌లో 4:2:2 10 బిట్ అనో, 4:2:0 అనో ఉంటుంది. ఫైల్‌లో రంగుల సమాచారం ఎంత వివరంగా ఉందో చెప్పే అంకెలివి. టైమ్‌లైన్ సాఫీగా ఆడుతుందా లేదా అన్నది ఈ రెండు ఎంపికలే నిర్ణయిస్తాయి, కార్డు ధర కాదు.

హెచ్.265లో 4:2:2 10 బిట్ ఫైళ్లను హార్డ్‌వేర్‌తో విప్పే శక్తి ఇంటెల్ యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌కు ఉంది. మీ 12400లో ఉండేది అదే, పేరులో 730 ఉన్నా పైన చెప్పిన జీటీ 730 కార్డుతో దీనికి సంబంధం లేదు. దీన్ని క్విక్ సింక్ అంటారు. ప్రీమియర్ ప్రో దాన్ని నేరుగా వాడుకుంటుంది. ఎన్‌విడియా కార్డుల్లో ఈ సౌకర్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో మొదలైంది. అంతకుముందు తరాల్లో పాతిక వేలు, ముప్పై వేలు పోసి కొన్న కార్డుకు కూడా ఇది లేదు. రైజెన్ 5600జీలోని వేగా గ్రాఫిక్స్‌కూ లేదు. గేముల్లో ఆ వేగా ముందు యూహెచ్‌డీ 730 నిలబడలేదు. కానీ మీకు కూడు పెట్టే పని వీడియో. అందుకే మీకు ఎఫ్ లేని ఇంటెల్ చెప్పాను.

ఎక్స్‌ఏవీసీ ఎస్‌లో 4:2:2 10 బిట్ తీస్తుంటే మాత్రం కథ వేరు. హెచ్.264లో ఆ రకాన్ని యూహెచ్‌డీ 730 విప్పలేదు, ప్రాసెసర్ మీదే పడుతుంది. అప్పుడు రెండు దారులు. మీరు పెద్దగా గ్రేడింగ్ (వీడియో రంగులు దిద్దడం) చేయకుండా మామూలు పెళ్లి వీడియో ఇస్తుంటే 4:2:0 8 బిట్‌కు మారిపోండి. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా ఉండే పాలిపోయిన ప్రొఫైల్‌లో) తీసి గ్రేడ్ చేస్తుంటే హెచ్‌ఎస్‌కు మారండి, అందులో మీకు కావలసిన ఫ్రేమ్ రేట్ ఉందో లేదో మెనూలో చూసుకుని. రెండూ కుదరకపోతే ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు చిన్న నకళ్లు, చేసుకోండి. రాత్రి ప్రీమియర్‌లో ఇంజెస్ట్ సెట్టింగ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకల్లా తేలికపాటి కాపీలు తయారై ఉంటాయి. ఎడిటింగ్ అంతా వాటి మీద చేసి, ఎగుమతి మాత్రం అసలు ఫైళ్లతో అవుతుంది. మండపం, రిసెప్షన్, రెండు కెమెరాలు, డ్రోన్ అన్నీ కలిపి మల్టీక్యామ్‌లో (అన్ని కెమెరాల వీడియోలూ ఒకేసారి ఆడిస్తూ) కట్ చేసేటప్పుడు ఏ బడ్జెట్ సిస్టమ్‌లోనైనా ప్రాక్సీలే హాయి.

ఇంకొక్క మాట. బడ్జెట్ కొంచెం సాగితే 12500 అడిగి చూడండి. అందులో యూహెచ్‌డీ 770 ఉంటుంది, వీడియో విప్పే ఇంజన్లు 12400లో ఒకటైతే దీంట్లో రెండు. మల్టీక్యామ్ ఎక్కువ చేసేవాళ్లకు తేడా తెలుస్తుంది. దొరక్కపోతే దాని కోసం వెతుక్కుంటూ ఆగక్కర్లేదు.

ర్యామ్ విషయంలో మాత్రం దయచేసి పట్టుబట్టండి. మొదటి కొటేషన్‌లో 8 జీబీ ఒకే స్టిక్ అయి ఉంటుంది. రెండో దాంట్లో 16 జీబీ అన్నారు గానీ ఒక స్టిక్కో రెండో రాయలేదు. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామే దాని మెమరీ. ఒకే స్టిక్ వేస్తే పైన చెప్పిన 51.2 జీబీ వేగం సగానికి, అంటే 25.6కు పడిపోతుంది. ఆ దెబ్బ గేముల్లో వెంటనే తెలుస్తుంది. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ దండగ అన్న పేరు చాలాచోట్ల ఒకే స్టిక్ వేసిన సిస్టమ్‌ల వల్ల వచ్చింది. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి కాబట్టి షాపుల్లో ఒక స్టిక్‌తో సరిపెట్టే ప్రయత్నం ఎక్కువైంది. జీటీ 730 కార్డుకు పెట్టాలనుకున్న డబ్బు ఇక్కడ పెట్టండి. ఇంటికి తెచ్చాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో, వేగం ఎంతో కనిపిస్తుంది. వేగం 3200 కాకుండా 2666 లాంటిది చూపిస్తుంటే బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించండి. గ్రాఫిక్స్ కొంత ర్యామ్ తీసుకుంటుంది కాబట్టి 16 జీబీ కంటే తక్కువకు దిగొద్దు. కుదిరితే తర్వాత 32 చేసుకుందురు గాని.

మీ తమ్ముడి సంగతి. వాలరెంట్ చాలా తేలిక గేమ్. దాన్ని నడపడానికి కనీసం కావాలని కంపెనీ చెప్పేది ఇంటెల్ హెచ్‌డీ 4000, అది 2012 నాటి ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్. యూహెచ్‌డీ 730 మీద తక్కువ సెట్టింగ్స్‌లో హాయిగా ఆడుకోవచ్చు. జీటీఏ 5కి మాత్రం రిజల్యూషన్ 720కి దించుకోవాలి. 5600జీ అయితే అదే గేమ్ 1080లో మామూలు సెట్టింగ్స్‌తో ఆడేది. ఇంట్లో గేములే ముఖ్యమైతే నేను రెండో కొటేషన్‌కే ఓటు వేసేవాణ్ని, అదీ రెండు స్టిక్‌లతో. ఇంకా ముందుకెళ్తే 2024లో వచ్చిన రైజెన్ 5 8600జీ ఉంది. దాంట్లోని రేడియాన్ 760ఎం బడ్జెట్ కార్డులకు గట్టి పోటీ ఇస్తుంది గానీ, దానికి డీడీఆర్5 ర్యామ్, ఏఎం5 బోర్డు కావాలి. 45 వేలలో మీకది బరువు.

మరి కార్డు ఎప్పుడు కొనాలి? లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ వాడి, రాత్రి ముహూర్తంలో ఎక్కువ ఐఎస్ఓతో తీసిన రా ఫోటోలు వందల కొద్దీ శుభ్రం చేయాలనుకుంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ మీద ఒక్కో ఫోటోకు నిమిషాలు పడుతుంది. అది పూర్తిగా గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే పని. ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌కు మారి నోడ్‌లు (ఒక్కో రంగు మార్పు దశ), నాయిస్ రిడక్షన్ పెట్టి గ్రేడింగ్ చేసినా అంతే. అలాంటి ఆర్డర్లు వస్తున్నాయనుకున్న రోజున కార్డు కొనండి. ఈ 12400కే తగిలించొచ్చు, క్విక్ సింక్ కూడా పక్కనే పనిచేస్తూ ఉంటుంది. బయోస్‌లో ఐజీపీయూ (ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్) మల్టీ మానిటర్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంచితే చాలు. ఎఫ్ రకం కొన్నవాళ్లకు ఈ జంట దొరకదు.

ఆ రోజు వచ్చినప్పుడు చూడాల్సిన కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఒకటి. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లతో నడుస్తుంది. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వేరే వైరు అక్కర్లేదు, స్లాట్ నుంచి వచ్చే కరెంటే చాలు. దీని మెమరీ వేగం సెకనుకు 168 జీబీ. జీటీ 730తో పోల్చి చూసుకోండి, కార్డు అంటే ఏమిటో అర్థమవుతుంది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఆర్‌టీఎక్స్ 5050. అది హెచ్.264లోని 4:2:2ని కూడా విప్పుతుంది, మీ కెమెరాకు బాగా పనికొస్తుంది. కాకపోతే 130 వాట్ల కార్డు, నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్ ఉండాలి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా దాన్ని నమ్మి ఈ కార్డు పెట్టొద్దు.

ఎవరైనా జీటీ 1030 ఇస్తామంటే అదీ వద్దనండి. 2017లో వచ్చింది, వీడియో ఎగుమతికి పనికొచ్చే ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) దాంట్లో లేదు. తర్వాత వచ్చిన డీడీఆర్4 రకం మెమరీ వేగమైతే 16.8 జీబీకి పడిపోయింది. ఆర్‌ఎక్స్ 6400 గేములకు ఫర్వాలేదు గానీ ఎన్‌కోడర్ దానికీ లేదు, ఎడిటర్లు కొనే కార్డు కాదు. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580లు చవకగా కనిపిస్తాయి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే డిజిటల్ కరెన్సీకి కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక, దానికోసం రాత్రీ పగలూ నడిచిన కార్డులు బోలెడు బయటికొచ్చాయి. పైగా 2048ఎస్‌పీ అని రాసున్న 580 అసలు 580 కాదు, 570 స్థాయి చిప్. పెళ్లిళ్ల సీజన్‌లో మాటివ్వాల్సిన సిస్టమ్‌లో వారంటీ లేని కార్డు పెట్టుకోకండి.

పాలకొల్లులో ఎఫ్ లేని 12400 స్టాక్ లేదంటే తెప్పించమనండి. హైదరాబాద్ వెళ్లే పనుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి రేటు పోల్చుకోండి. ఎక్కడ కొన్నా బిల్లులో ప్రాసెసర్ మోడల్ పూర్తిగా, ర్యామ్ ఎన్ని స్టిక్‌లో, బోర్డు మోడల్ రాయించుకోండి. ‘ఐ5 సిస్టమ్ విత్ 16 జీబీ’ అని ఒక్క లైన్‌లో రాసిన బిల్లు తీసుకోవద్దు. ప్రాసెసర్ డబ్బా మీ కళ్లముందే తెరవమనండి, దాని మీద 12400 పక్కన ఎఫ్ ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవచ్చు.

బిగించి తెచ్చాక ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, మీడియా పేజీ తెరిచి హార్డ్‌వేర్ డీకోడింగ్ ఎదురుగా ఇంటెల్ టిక్ అయి ఉందో చూడండి. తర్వాత ఏదైనా హెచ్‌ఎస్ క్లిప్ ఒకటి ఆడిస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద ‘వీడియో డీకోడ్’ గీత పైకి లేస్తోందా గమనించండి. లేవకపోతే ఇంటెల్ సైట్ నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసి మళ్లీ చూడండి. అప్పటికీ లేవకపోతే క్లిప్ ఏ ఫార్మాట్‌లో తీశారో రాసి పంపండి, చూసి చెప్తాను.